చంద్రగిరి రాజ్యము - మారిన మైత్రులు

పెద్ద రాజ్యాల చరిత్రలో మనకు ముఖ్యంగా కనిపించేవి జయాపజయాలు. చిన్న రాజ్యాల చరిత్రలో ఎక్కువగా కనిపించేవి వొడంబడికలు. నిన్న ఎవరితో పోరాడినారో నేడు వారితోనే చెలిమి. నేడు ఎవరి సాయం పొందినారో రేపు వారితోనే సమరం. దూరాన కూర్చుండి చదివేవారికి ఇది నిలకడలేనితనంగా తోస్తుంది. ఆ రాజ్యంలో పుట్టి, ఆ రాజ్యంలోనే బ్రతకవలసినవారికి అది ప్రాణరక్షణోపాయంగా తోస్తుంది. ఆబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్ళు విరిగాయని మన సామెత. ఆ సామెత లేగల పక్షాన పుట్టినదే గాని ఆబోతుల పక్షాన పుట్టినది కాదు.

ఈ ప్రసంగంలో మనం చెప్పుకోబోయే కథ మన ముంగిటిదే. తిరుపతికి సుమారు 12 కిలోమీటర్ల దూరాన, స్వర్ణముఖీ తీరంలో చంద్రగిరి వున్నది. కొండపాదాన నిలిచిన రాజమహలును, రాణీమహలును చూడనివారు మన సీమలో అరుదు. శ్రీవారి దర్శనం చేసుకొని తిరుగుదారిలో అక్కడ కొంతసేపు ఆగి, రాయలవారి భోగభాగ్యాలను స్మరించుకొని వస్తాము. అయితే ఆ భవనాలు మనకు గుర్తుచేయవలసినది భోగభాగ్యాలను మాత్రమే కాదు. విజయనగరం కూలిన తరువాత, నాలుగు దిక్కులా శత్రువులను పెట్టుకొని, సుమారు ఎనభై సంవత్సరాలపాటు ప్రాణం నిలుపుకొన్న ఒక రాజ్యం కథ అక్కడ వున్నది.

ఆ కథకు మూలం 1565లోని రాక్షసి తంగడి యుద్ధం. దానినే తళ్ళికోట యుద్ధమని కూడా అంటారు. అంతకు ముందు ఇరవై సంవత్సరాలుగా అళియ రామరాయలు అనుసరించిన నీతి ఒక్కటే: దక్కను సుల్తానులలో ఒకరిపై ఒకరిని ప్రయోగించడం. ఒకప్పుడు అహమ్మదునగరంతో చేరి బిజాపూరుపై దండెత్తినాడు. మరొకప్పుడు బిజాపూరుతో చేరి అహమ్మదునగరంపై దండెత్తినాడు. మన కవులు మల్కిభరాముడని కీర్తించిన గోలకొండ ఇబ్రహీం కుతుబ్‌షా, రాజ్యానికి రాకముందు ఏడు సంవత్సరాలు విజయనగరంలోనే ఆశ్రయం పొందినాడు. పొత్తులు మార్చడం బలవంతుని చేతిలో ఆయుధంగా వున్నంతకాలం అది రాజనీతి అనిపించుకొన్నది. తుదకు ఆ సుల్తానులే తమలో తాము వియ్యమందినారు. అహమ్మదునగరపు ఆడపడుచు చాంద్‌బీబీ బిజాపూరు కోడలైనది; షోలాపూరు కోట వరకట్నమైనది. వియ్యం కుదిరిన ఇండ్లు ఏకమై వచ్చిన ఒక్క యుద్ధంలో రామరాయలు హతుడైనాడు, మహానగరం పాడుపడినది.

రామరాయల తమ్ముడు తిరుమలరాయలు ధనరాసులతో పెనుగొండ చేరినాడు. తరువాత రాజ్యాన్ని ముగ్గురు కుమారులకు అప్పగించినాడు. తెలుగునేల శ్రీరంగరాయలకు, కన్నడదేశం రామరాయలకు, తమిళప్రాంతం వెంకటపతిరాయలకు వచ్చినవి. ఆ వెంకటపతి నివాసం మన చంద్రగిరి. ఇదివరకు సుల్తానులను ఆడించిన వంశం ఇకమీదట సుల్తానుల చేతిలో ఆడవలసి వచ్చినది.

మొదటి పాఠం త్వరలోనే వచ్చినది. 1576లో బిజాపూరు అలీ ఆదిల్‌షా పెనుగొండను ముట్టడించినాడు. శ్రీరంగరాయలు కోటను సేనాపతికి వొప్పగించి, ధనాగారంతో చంద్రగిరికి తరలివచ్చి, గోలకొండను సాయమడిగినాడు. పదకొండు సంవత్సరాలనాడు తన పెదతండ్రిని చంపిన సేనలలో గోలకొండ సేన కూడా వున్నది. అయినా అడిగినాడు, గోలకొండ వచ్చినది, బిజాపూరు ముట్టడి విడిచిపోయినది. శత్రువునకు శత్రువు మిత్రుడన్న మాట ఫలించినట్లే కనిపించినది. మూడు సంవత్సరాలు గడిచినవి. 1579లో అదే గోలకొండ సేన మురహరిరావు నాయకత్వాన అహోబిలందాకా చొచ్చుకొనివచ్చి నరసింహస్వామి ఆలయాన్ని దోచుకొన్నది. ఆ దరిదాపులలోనే కొండవీడు చేజారినది. గోలకొండ 1576లో వచ్చినది రాయలమీది ప్రేమచేత కాదు, బిజాపూరు పెరిగిపోతుందన్న భయంచేత. ఆ భయం తీరగానే ఆ మైత్రి కూడా తీరినది.

1586లో శ్రీరంగరాయలు సంతు లేక గతించగా వెంకటపతిరాయలు సింహాసనమెక్కినాడు. 1614 వరకు ఏలినాడు. తిరుమల ఆలయంలో ప్రతిమామండపాన శ్రీకృష్ణదేవరాయలకు ఎదురుగా మనం చూసే ప్రతిమలలో వెంకటపతి ప్రతిమ కూడా వున్నది. ఆయన బంగారు నాణెంమీద శ్రీవేంకటేశ్వరునికి నమస్కారం చెప్పే నాగరాక్షరాలు వున్నవి. భక్తి విషయం అటుంచితే, రాజ్యతంత్రంలో ఆయన నేర్చినది ఒక్కటి, వ్యవధి సంపాదించడం.

గోలకొండ మహమ్మద్ కులీ కుతుబ్‌షా పెనుగొండను చుట్టుముట్టినప్పుడు వెంకటపతి సంధి మాటలు మొదలుపెట్టినాడు. నవాబు కొద్దిదినాలు పోరు నిలిపినాడు. ఆ కొద్దిదినాలలో కోటలోనికి తిండిగింజలూ, మందుగుండూ, క్రొత్త సైన్యమూ చేరినవి. ఇంతలో వానకాలం దగ్గరపడినది. కృష్ణ పొంగితే వెనుకకు దారి వుండదని గోలకొండ సేన ముట్టడి ఎత్తివేసినది. తరువాత వెంకటపతి పోయిన కోటలలో కొన్నింటిని తిరిగి గెలిచినాడు. ఆయన సింహాసనం పెనుగొండనుండి చంద్రగిరికి మారినది ఈ కాలంలోనే. తరువాత రాయవేలూరికి కూడా మారినది. రాజధాని దక్షిణానికి జరగడం ఓటమికి గుర్తేగాని, జరిగినచోట నిలదొక్కుకొనడం ఓటమి కాదు.

ఆయనకు మరొక అనుకూలం కలిగినది. ఉత్తరాన అక్బరు సేనలు దక్కనులోనికి దిగినవి. 1600లో అహమ్మదునగరపు కోట మొగలుల వశమైనది. వీపున మొగలు వుండగా బిజాపూరుకు గాని, గోలకొండకు గాని తమ సేననంతా దక్షిణానికి పంపే ధైర్యం లేదు. అక్బరు రాయబారులు చంద్రగిరికి వచ్చిన సంగతి ఆ కాలపు జెసూట్ పాదరీల లేఖలలో కనిపిస్తుంది. వెంకటపతి వారిని మర్యాదతో ఆదరించినాడు గాని ఎవరి గొడుగుక్రిందికీ పోలేదు.

సముద్రంవైపు కూడా ఆయన ఇదే నీతి నడిపినాడు. శాంతోములో పోర్చుగీసువారు చాలాకాలంగా పాతుకొనివున్నారు. వారి ఓడలకు, వారి గుర్రాలకు విజయనగరం అలవాటుపడినది. ఆ పాదరీలకు చంద్రగిరిలో ఆదరం లభించినది. 1605లో డచ్చివారు మచిలీపట్నంలో దిగినారు. 1610లో పులికాటులో వ్యాపారానికి వెంకటపతి అనుమతి ఇచ్చినాడు. పోర్చుగీసువారు కోపించి 1612లో ఆ డచ్చి ఠాణాను పాడుచేసినారు. మరుసటి ఏడు డచ్చివారు అక్కడ గెల్డ్రియా కోట నిలుపుకొన్నారు. ఇద్దరు తెల్లవారు ఒకరినొకరు కాచుకొనివున్నంతకాలం ఏ ఒక్కరూ రేవులకు ప్రభువులు కాలేరని రాయల ఆలోచన. ఆ లెక్కలో ఒక చిన్న లోపం వున్నది. వ్యాపారికి కోట కట్టుకొనే హక్కు ఇచ్చిన తరువాత అతడు వ్యాపారిగా మాత్రమే వుండడు.

1614లో వెంకటపతి మరణించినాడు. ఆయన ఇరవై ఎనిమిదేండ్లు కూర్చినదానిని ఇంటివారే రెండేండ్లలో చెదరగొట్టినారు. వారసుడైన రెండవ శ్రీరంగరాయలను రాణివారి పుట్టింటివాడు గొబ్బూరి జగ్గరాయలు చెరబట్టి, తుదకు కుటుంబంతో సహా చంపించినాడు. ఆ కుటుంబంలో ఒక్క బాలుడు దక్కినాడు. అతడు రామదేవుడు. ఆ బాలుని చెరనుండి బైటికి చేర్చినవాడు ఒక చాకలి. మైలబట్టల మూటలో రాజకుమారుని పెట్టుకొని కాపలావారి ముందునుండి నడిచిపోయినాడు. మానుయెల్ బర్రాడసు అనే పాదరీ 1616లో వ్రాసిన లేఖలో ఈ వృత్తాంతం వున్నది. ఆ చాకలి పేరు మనకు దక్కలేదు. రాజ్యాన్ని నిలిపినవారి పేర్లన్నీ శాసనాలకు ఎక్కవు.

వెలుగోటి యాచమనాయకుడు ఆ బాలుని పక్షం వహించినాడు. జగ్గరాయలవైపు మధుర, జింజి నాయకులు చేరినారు. యాచమనాయకునివైపు తంజావూరి రఘునాథనాయకుడు చేరినాడు. కావేరి ఆనకట్ట సమీపాన తోపూరువద్ద పోరు జరిగినది. ప్రత్యర్థి సేనను ఆపడానికి జగ్గరాయల పక్షం ఆ ఆనకట్టనే తెగగొట్టినది. పైరుకు నీరిచ్చే కట్టను యుద్ధంకోసం తెంచిన సంగతి విన్నప్పుడు, ఆ యుద్ధంలో ఎవరు గెలిచినా ఓడినది ఎవరో మనకు తెలుస్తుంది. జగ్గరాయలు మడిసినాడు, రామదేవరాయలకు పట్టం దక్కినది. కాని సామంతులు ఒక సంగతి నేర్చుకొన్నారు. రాయలు వారిని ఏలే దినాలు పోయి, వారు రాయలను ఏరే దినాలు వచ్చినవి.

ఇక 1636. ఆ సంవత్సరంలో చంద్రగిరిలో గాని రాయవేలూరిలో గాని చెప్పుకోదగిన సంఘటన ఏదీ జరగలేదు. అయినా ఈ రాజ్యం తలవ్రాత మారినది ఆ సంవత్సరంలోనే. మొగలు చక్రవర్తి షాజహాను బిజాపూరుతోను గోలకొండతోను సంధి చేసుకొన్నాడు. వారు ఆయన ఆధిక్యాన్ని అంగీకరించినారు; ఉత్తరపు సరిహద్దు నిశ్చింతమైనది. ఉత్తరాన ఎదగడానికి దారి మూసుకొన్నది, దక్షిణాన తెరుచుకొన్నది. ఎక్కడో వందల కోసుల దూరాన ఇద్దరు బలవంతులు చేతులు కలిపితే, ఆ వొప్పందంలో పేరైనా లేని మూడవవాడు దానికి మూల్యం చెల్లించినాడు. చిన్న రాజ్యాల దురదృష్టాలలో ఇది తరచు కనిపించేది.

ఆ ఆపద రానున్నదని తెలిసి ఇంటిని చక్కదిద్దుకొనవలసిన సమయంలో ఏమి జరిగినది? సింహాసనంమీద మూడవ వెంకటపతిరాయలు వున్నాడు. ఆయన సోదరుని కుమారుడు శ్రీరంగరాయలు ఆయనపై తిరుగబడినాడు. తిరుగబడడమే గాక 1638లో బిజాపూరు సేనను వెంటబెట్టుకొని వచ్చినాడు. 1641లో మరల అదే పని చేసినాడు. బిజాపూరు సేన రాయవేలూరి చేరువకు వచ్చినప్పుడు దక్షిణపు నాయకుల సాయంతో వెంకటపతి ఎట్లాగో గట్టెక్కినాడు. 1642లో గోలకొండ సేన సముద్రతీరం వెంబడి దిగివచ్చినది. సాయం చేయదగినవారు చేయలేదు. ఆయన చిత్తూరు అడవులలో తలదాచుకొని అక్కడనే కన్నుమూసినాడు.

ఈ కల్లోలం నడుమనే 1639లో మరొక చిన్న వొడంబడిక జరిగినది. రాయల సామంతుడు దామెర్ల వెంకటాద్రినాయకుడు సముద్రపుటొడ్డున ఒక ఇసుక తిన్నెను ఇంగ్లీషు వ్యాపారి ఫ్రాన్సిస్ డేకు ఇచ్చి, అక్కడ కోట కట్టుకొనడానికి అనుమతించినాడు. ఆయన తండ్రి చెన్నప్పనాయకుని పేరున అక్కడ చెన్నపట్నం వెలసినది. ఆ పత్రం చంద్రగిరి రాజమహలులోనే వ్రాయబడినదని మన ప్రాంతంలో ప్రతీతి. నాయకునికి కావలసినవి వర్తకపు సుంకమూ, గుర్రాలూ, అవసరమైతే ఒక ఆశ్రయమూ. వచ్చినవారు ఎవరో, రెండువందల యేండ్లకు ఏమి కానున్నారో ఆయనకు తెలియడానికి వీలు లేదు.

1642 అక్టోబరులో మూడవ శ్రీరంగరాయలు రాజైనాడు. బిజాపూరును పిలుచుకొనివచ్చినవాడే ఇప్పుడు బిజాపూరును ఎదుర్కొనవలసిన స్థానంలో కూర్చున్నాడు. ఆయన అసమర్థుడు కాడు. గోలకొండతో మంతనాలు నడుపుతున్నాడని దామెర్ల వెంకటాద్రిని బంధించినాడు. ధనమూ ఏనుగులూ ఇచ్చి బిజాపూరు తోడు సంపాదించి గోలకొండను వెనుకకు నెట్టినాడు. 1644లో గోలకొండ సేన మరల రాగా దానిని వోడించినాడు. ఆ రెండేండ్లూ పాత విజయనగరం మేలుకొంటున్నదా అని ఆశ కలిగించిన రెండేండ్లు. 1645లో ఇంగ్లీషువారి దానపత్రాన్ని ఆయన ధ్రువపరచినాడు. అందులో వారి పట్టణానికి శ్రీరంగరాయపట్నమని పేరు పెట్టినాడు. ఆ పేరు నిలువలేదు.

గెలిచిన రాజు కప్పం అడిగినాడు. మధుర, జింజి, తంజావూరు నాయకులకు ఆ అడగడం నచ్చలేదు. తమకు దగ్గరగా వున్న బలమైన రాయలకంటె దూరాన వున్న సుల్తాను మేలనుకొన్నారు. మధుర తిరుమలనాయకుడు, శ్రీరంగడు తనపైకి సేన నడిపినప్పుడు, వెనుకనుండి రాయవేలూరిని పట్టవలసినదని గోలకొండను పురికొల్పినాడు. శ్రీరంగడు తన పెద్దలయెడల చేసినదే ఆయన సామంతులు ఆయనయెడల చేసినారు. ఒకవైపు బిజాపూరు సేనాని ముస్తఫాఖాను, మరొకవైపు గోలకొండ సేనాని మీర్ జుమ్లా. నాయకులు అపాయాన్ని గుర్తించేసరికి ఆలస్యమైపోయినది. 1646లో రాయవేలూరి దరిని రాయలు వోడినాడు. చంద్రగిరి, తిరుపతి గోలకొండ వశమైనవి. మరి పిలిచినవారు సుఖపడినారా? 1649 నాటికి జింజి బిజాపూరు చేతిలో వున్నది. మధుర, తంజావూరు కప్పం కట్టుకొంటున్నవి.

రాజుల మాట ఇది. జనుల మాట కూడా చెప్పుకోవలసి వున్నది. 1646, 47 సంవత్సరాలలో కోరమాండల్ తీరమంతటా ఘోరమైన క్షామం కలిగినది. వానలు తప్పడం ఒక కారణం. నిలువ గింజలను సేనలు తినిపోవడం, సేద్యగాండ్రు ఊళ్ళు విడిచిపోవడం మరొక కారణం. చెన్నపట్నపు కోటనుండి ఇంగ్లీషువారు వ్రాసిన ఉత్తరాలలో ఆ చావుల ప్రస్తావన వున్నది. పులికాటులో తల్లిదండ్రులు బిడ్డలను, కొందరు తమను తామే అమ్ముకొన్నారు. డచ్చివారి ఓడలు వారిని బానిసలుగా బటేవియాకు మోసుకొనిపోయినవి. ఏ రాజును ఏ రాజు కలిసినాడు, ఏ రాజును ఏ రాజు విడిచినాడు అన్న ప్రశ్నలకు ఆ ఓడలలోనివారి దృష్టిలో విలువ ఎంత?

శ్రీరంగరాయలు అటుపిమ్మట రాజ్యంలేని రాజుగా తిరిగినాడు. మైసూరు ఆశ్రయమిచ్చినది, తరువాత కెళది శివప్పనాయకుడు ఆదరించి బేలూరులో నిలిపినాడు. మొగలుల సాయంకూడా అర్థించినాడు గాని ఫలించలేదు. ఆయనను వోడించిన మీర్ జుమ్లా 1656 నాటికి తన ప్రభువైన గోలకొండ నవాబునే విడిచి మొగలుల కొలువులో చేరినాడు. 1686లో బిజాపూరు, 1687లో గోలకొండ ఔరంగజేబు పాలైనవి. ఎవరి పొత్తుకోసం ఇంత ఆరాటపడినారో వారెవరూ మిగలలేదు. ఇసుక తిన్నెమీది వ్యాపారులు మాత్రం మిగిలినారు.

ఈ చరిత్రనుండి మనం గ్రహించవలసినదేమి? పొత్తులు మార్చినందున చంద్రగిరి చెడినదని కొందరు అంటారు. మాకు ఆ మాట సరిగా తోచదు. వెంకటపతి కూడా పొత్తులు మార్చినాడు. ఆయన కాలంలో రాజ్యం నిలిచినది. పొత్తు పొత్తుకూ భేదమున్నది. బయటి శత్రువును ఆపడానికి మరొక బయటివానితో కలవడం ఒకటి. ఇంటిలోని దాయాదిని దించడానికి బయటివానిని పిలవడం ఇంకొకటి. మొదటిది వ్యవధిని ఇస్తుంది. ఆ వ్యవధిలో కోట మరమ్మతు చేసుకొనవచ్చు, గింజలు చేర్చుకొనవచ్చు. రెండవది శత్రువునకు మన కోట దారులన్నీ చూపించి పంపుతుంది.

దీనికి ఇటీవలి చరిత్రలో ఒక నిదర్శనం చెప్పవచ్చు. ఐరోపా ఉత్తరాన ఫిన్లాండు అనే చిన్న దేశమున్నది. 1939 నవంబరు 30న సోవియట్ సేనలు దానిపై దండెత్తినవి. 1940 మార్చిలో కొంత భూమి వదులుకొని అది సంధి చేసుకొన్నది. 1941లో జర్మనీ ప్రక్కన చేరి, పోయిన భూమికోసం పోరాడినది. 1944 సెప్టెంబరులో సోవియట్ యూనియనుతో సంధి చేసుకొని, ఆ షరతు ప్రకారం నిన్నటి తోడువారైన జర్మనులనే లాప్లాండునుండి తరిమినది. ఆరేండ్లు నిండకముందే మూడు యుద్ధాలు, రెండు తలక్రిందుల మార్పులు. జర్మనీతో ఆ పొత్తు తగునా తగదా అని అక్కడివారు నేటికీ వాదించుకొంటూనే వున్నారు. అయినా రాజధాని హెల్సింకి పరాయి సేన వశం కాలేదు. వారి శాసనసభ పని మానలేదు. 1939లో సోవియట్‌వారు సరిహద్దున వేరొక ప్రభుత్వాన్ని నిలబెట్టి చూసినారు. ప్రజలు దాని వెంట పోలేదు. చంద్రగిరికి లేకపోయినది ఇదే. బిజాపూరు పిలవకముందే మనవారు వెళ్ళినారు. గోలకొండ అడగకముందే మనవారు దారి చూపినారు.

హెరాసు పాదరీ 1927లో ఆరవీటి వంశ చరిత్రను ప్రకటించినారు. తిరుమల శాసనాలను దేవస్థానంవారు సంపుటాలుగా అచ్చువేసినారు. చదువదలచినవారికి సామగ్రి కొరవ లేదు. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లానుండి 2022లో తిరుపతి జిల్లా వేరుపడగా, చంద్రగిరి నేడు తిరుపతి జిల్లాలో వున్నది. రాజమహలు పురావస్తుశాఖవారి ప్రదర్శనశాలగా వున్నది. ఈసారి పిల్లలను అక్కడికి తీసుకొనిపోయినప్పుడు, రాయలు ఎంత గొప్పవారో చెప్పడంతో ఆగక, ఆ గోడల నడుమ మంతనాలాడినవారు ఎవరిని నమ్మినారో, ఎందుకు నమ్మవలసివచ్చినదో కూడా చెప్పగలిగితే మేలు. మూటలో రాకుమారుని మోసిన ఆ చాకలి కథనూ, బటేవియా ఓడ ఎక్కినవారి కథనూ మరువకుండా చెప్పాలి. రాజ్యాలు చిన్నవైనా పెద్దవైనా, వాటి వొడంబడికల భారం చివరకు పడేది అటువంటివారిమీదనే గదా.